ఎడమచేతి టంకం

మూత తీశాక పది నిమిషాల దాకా దాని జోలికి పోకూడదు. కంప్యూటర్లు బాగు చేసే మా కొట్లో అది అన్నయ్య పెట్టిన నియమం. ప్లగ్గు పీకేశాం కదా ఇంకేముందిలే అని వేళ్లు దూర్చేవాళ్లని చూస్తే అన్నయ్యకి ఒళ్లు మండేది. కరెంటు తీసేసినా లోపలి కెపాసిటర్లలో కొంత మిగిలే ఉంటుంది, మనిషిని కుర్చీలోంచి లేపి అవతల పడేసేంత ఉంటుంది, దాన్ని నెమ్మదిగా దిగిపోనివ్వాలి. అందుకని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గడియారం మూడుంబావు చూపిస్తోంది. లెక్కల మాస్టారు నాలుగింటికి వస్తానన్నాడు. ఇంటి దగ్గర పిల్లలకి లెక్కలు చెప్పుకునే కుర్రాడు, మాస్టారూ అని పిలిస్తే మాత్రం భుజాలు వెడల్పవుతాయి. ఇందాక ఈ పెట్టెని తువ్వాల్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టి, "కంప్యూటరు దానంతట అదే ఆగిపోతోందక్కా, కాసేపటికి దానంతట అదే మొదలవుతోంది. మా అమ్మ మంచం ఆ బల్ల పక్కనే. పడుకుంటే ఏదో మూలుగు వినిపిస్తోందంటోంది, కాలుతున్న వాసన కూడానట. కంప్యూటరుకి కరెంటిచ్చే ఈ పవర్ సప్లై పెట్టె వల్లేనన్నారు ఎవరో. బాగవుతుందంటే చెయ్యండి, కాదంటే పారేసి కొత్తది వెయ్యండి, మీరెలా అంటే అలా," అన్నాడు. మీరెలా అంటే అలా. ఈ మాట అనేవాళ్లంటే నాకు భయం. నిర్ణయం మన నెత్తిన పెట్టి వాళ్లు హాయిగా టీ తాగడానికి వెళ్లిపోతారు. పారేయాలా బాగు చెయ్యాలా అని తేల్చడానికి నాకు మామూలుగా అరనిమిషం పట్టదు, వాసన చూస్తే చాలు. దీని దగ్గర మాత్రం మూత తీసినప్పటి నుంచీ చెయ్యి ఆడటం లేదు. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

మూత వెల్లకిలా పడి ఉంది. లోపలి వైపు, ఒక మూలన, పెన్సిలుతో సన్నగా రాసిన తేదీ. ఏ పెట్టె బాగు చేసినా మూత లోపల పెన్సిలుతో తేదీ వెయ్యడం అన్నయ్య అలవాటు, పెన్నుతో రాయవేం అంటే వేడికి సిరా వెలిసిపోతుందే, పెన్సిలు ఉంటుంది అనేవాడు. ఎడమచేతి వాటం కాబట్టి అతని అంకెలన్నీ గాలికి వంగినట్టు ఒకవైపుకి వాలతాయి. ఈ అంకెలూ అలాగే వాలాయి. ఆగస్టు తొమ్మిది, మూడేళ్ల కిందటి ఆగస్టు. అందులో వింతేం లేదు, అప్పుడెప్పుడో మా కొట్లో చేసిన పెట్టె, పాతబడి మళ్లీ వచ్చింది, నెలకి నాలుగు వస్తుంటాయి అలాంటివి. కాకపోతే అన్నయ్య పోయింది ఆ ఏడే, జూన్ ఇరవై రెండున. నాకు లెక్కలు రావు గానీ ఈ లెక్క వచ్చు. జూన్ తర్వాత జులై, జులై తర్వాత ఆగస్టు, వేళ్ల మీద ఒకసారి, గోడ మీది క్యాలెండరు చూసి ఒకసారి లెక్కపెట్టాను, మాస్టారు ఎదురుగా ఉంటే అతన్నీ అడిగేదాన్నే. బయట ఎండ కాస్తోంది. పక్క కొట్లో జిరాక్సు మిషను చరచరా కాగితాలు కక్కుతోంది, రెండు వైపులా తియ్యమంటే ఒకవైపే తీశావేమిటని ఎవరో గొడవ పడుతున్నారు. ఇంత పట్టపగలు, ఇంత చప్పుడు మధ్య, నా వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి ఆనించినట్టుంది.

రాత పోలిక అయి ఉండొచ్చు. లోకంలో ఎడమచేతి వాటం అన్నయ్య ఒక్కడిదేనా. అలా సర్దిచెప్పుకుని పెట్టె లోపలికి చూశాను. రంగురంగుల తీగలన్నీ ఒక కట్టగా మెలిపెట్టి ఉన్నాయి, ఆ మెలిక ఎదురు తిరిగింది. కుడిచేతి వాళ్లం మెలిపెడితే తీగ ఒకవైపుకి తిరుగుతుంది, అన్నయ్య మెలిపెడితే రెండోవైపుకి. కట్ట చివర దారంతో రెండు గట్టి ముళ్లు, మూడోది వదులుగా. రేపు విప్పేవాడికి వేలు దూరాలి కదే, వాడూ మనిషే కదా అనేవాడు. విప్పేదాన్ని ఎప్పుడూ నేనే, నన్ను వాడూ అన్నందుకు ఒక రోజంతా మాట్లాడలేదు. నేను పని నేర్చుకున్నది అన్నయ్యకి ఎదురుగా కూర్చుని. బల్లకి ఇటు అన్నయ్య, అటు నేను, మధ్యలో పెట్టె. అతని ఎడమ చెయ్యి నా కుడి చేతికి సరిగ్గా ఎదురుగా వచ్చేది, అద్దంలో చూసుకుంటున్నట్టు, అందుకే నాకు పని తొందరగా పట్టుబడింది. కరెంటు ఉన్నచోట రెండు చేతులూ పెట్టకూడదు, ఒక చెయ్యి ఎప్పుడూ వీపు వెనకే ఉండాలి, రెండూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. కాబట్టి ఇద్దరం తలొక చెయ్యీ వెనక్కి పెట్టుకుని, మిగిలిన రెండు చేతులతో ఒకే పెట్టె మీద పని చేసేవాళ్లం, గుమ్మంలోంచి చూస్తే ఒకే మనిషికి రెండు తలలు మొలిచినట్టుందని వదిన నవ్వేది. అలా పంతొమ్మిదేళ్లు. అంత జాగ్రత్తపడ్డ మనిషి, గుండె మీదుగా ఏ కరెంటూ పోకుండానే, భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ పడిపోయాడు. అతను పోయాక నేను బల్లకి ఇటువైపు, అతని కుర్చీలోకి మారాను. వెలుతురు ఇటే బాగుంటుందని అందరికీ చెప్పాను.

మూడున్నర. కూర్చుంటే పని తెమలదని లేచి పెట్టెని సీరీస్ బల్బుకి తగిలించాను. మా పనిలో ప్రాణం కాపాడే ఏర్పాటు అది. గోడలోంచి వచ్చే కరెంటు ముందు ఒక పెద్ద బల్బులోంచి పోయి తర్వాత పెట్టెలోకి వెళుతుంది, పెట్టెలో ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి ఊరుకుంటుంది తప్ప ఇంకేమీ కాదు. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని స్విచ్ వేశాను. బల్బు ఒక్కసారి వెలిగి, మసకబారి, నిలబడింది. ఫ్యాను తిరిగింది. తిరగడం మొదలవగానే సన్నటి మూలుగు, మాస్టారి తల్లి చెప్పిందే, కానీ మూలుగు అనకూడదు దాన్ని, కూనిరాగం అది. అన్నయ్య పని మధ్యలో అచ్చం అలాగే తీసేవాడు, ఏం పాట అని అడిగితే ఆపేసేవాడు. ఊపిరి బిగపట్టి విన్నాను. బల్బు వెలుగు కాస్త పెరిగింది, తగ్గింది. మళ్లీ పెరిగింది, తగ్గింది. పడుకున్న మనిషి ఛాతీ కూడా అలాగే లేచి పడుతుంది. ఉబ్బిపోయిన కెపాసిటర్ల వల్ల అలా అవుతుందని నాకు తెలుసు, ఎవరికైనా పావుగంటలో బోధించగలను. అంతా తెలిసి కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను, బల్బు మీదికి వంగి అన్నయ్యా అన్నాను. ఫ్యాను ఆగిపోయింది. బల్బు మాత్రం పూర్తిగా ఆరలేదు, లోపలి తీగ ఒక్కటే ఎర్రగా, ఉండీ లేనట్టుగా ఉంది. నేను కదల్లేదు. పది లెక్కపెట్టేలోగా ఫ్యాను దానంతట అదే మళ్లీ తిరిగింది, కూనిరాగం ఆపిన చోటి నుంచే అందుకుంది. అప్పుడు నాకు భయం వెయ్యలేదు, అదే విచిత్రం. సంతోషం వేసింది, కళ్లలో నీళ్లు తిరిగేంత సంతోషం. పోయిన నలభై ఎనిమిది రోజులకి తిరిగి వచ్చి, ఎవరికీ చెప్పకుండా ఒక పెట్టె బాగు చేసి, తేదీ వేసి వెళ్లాడు. దీన్ని పారేయను, బాగూ చెయ్యను, మాస్టారికి ఇంకొకటి ఇచ్చి పంపేసి దీన్ని ఇలాగే నా దగ్గర ఉంచుకుంటాను, మధ్యాహ్నాలు మూత తీసి వింటాను అనుకున్నాను.

అతని చేతిని ఇంకా దగ్గరగా చూడాలనిపించింది. స్విచ్ తీసి, ప్లగ్గు పీకి, కెపాసిటరు కాళ్లకి చిన్న బల్బు ఆనించి మిగిలిన కరెంటు దింపేసి, నాలుగు మరలూ విప్పి బోర్డు బోర్లించాను. పాత టంకం అతుకులన్నీ మిషను వేసినవి, గుండ్రంగా ఒకేలా ఉన్నాయి. వాటి మధ్య చేత్తో వేసినవి ఆరు, ఆరూ ఎడమకి వాలి ఉన్నాయి. అన్నయ్య అతుకులే. వేలితో ఒక్కొక్కటీ తడిమాను. ఆరోదాని పక్కన ఏదో వేలికి గుచ్చుకుంది. తల వంచి చూస్తే రాగి తీగ, మూడు పోగులు మెలిపెట్టినది, ఫ్యూజు రెండు కాళ్లనీ కింద నుంచి కలుపుతూ నీటుగా అతికించి ఉంది. ఫ్యూజు పైన నల్ల తొడుగు వేసుకుని బుద్ధిగానే కూర్చుని ఉంది, కానీ అది ఎప్పుడో కాలిపోయిన ఫ్యూజు, కరెంటంతా కింద ఈ తీగలోంచే పోతోంది. పెట్టెలో ఏదైనా అంటుకుంటే ఆపడానికి ఏమీ లేదు. మూడేళ్లుగా లేదు.

ఇది ఎలా జరుగుతుందో మా పనివాళ్లకే తెలుసు. ఫ్యూజు కాలిన పెట్టె వస్తే, అసలు జబ్బు దొరికేదాకా మాటిమాటికీ కొత్త ఫ్యూజు వేసి కాల్చుకోవడం ఎందుకని, కింద ఇలా ఒక తీగ అతికించి సీరీస్ బల్బు మీద నడిపి చూస్తాం. కాపలాకి బల్బు ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదు. పని అయ్యాక తీగ లాగేసి, కొత్త ఫ్యూజు వేసి, అప్పుడు మూత బిగించాలి. మర్చిపోతే పెట్టె మామూలుగానే నడుస్తుంది, ఎవరికీ తెలీదు, చేసినవాళ్లకి అసలే తెలీదు. అందుకే తీగ అతికించిన ప్రతిసారీ అన్నయ్య తన చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టేవాడు, తీగ లాగేశాకే మళ్లీ పెట్టుకునేవాడు. ఒకసారి భోజనం మధ్యలో తన ఉత్త మణికట్టు చూసుకుని, కలిపిన ముద్ద వదిలేసి కిందికి దిగి వచ్చాడు. అలాంటి మనిషి ఈ పని చేశాడా. అన్నయ్యా, ఎంత పని చేశావు, ఆ ముసలావిడ మంచం దీని పక్కనే ఉందట. అంతలోనే, పోయి వచ్చిన మనిషికి గడియారం ఎక్కడిది, అది వదిన బీరువాలో ఉంది కదా అనిపించి నాకే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పై వాటాలోంచి వదిన టీ తీసుకుని మెట్లు దిగి వచ్చింది. నన్ను చూసి, "ఏమిటలా అయిపోయావ్, షాక్ గానీ కొట్టిందా?" అంది.

మూత అందుకుని ఆమె ముందు పెట్టాను. చెయ్యి తుడుచుకుని అంకెల మీద వేలు ఆనించింది. చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"ఆయన రాత కాదు," అంది. "ఆయన తొమ్మిదికి తోక వంపు తిరగదు, సున్నాకి పుల్ల గుచ్చినట్టుంటుంది. ఈ తోక నీది."

"నేను కుడిచేత్తో కదా రాస్తాను వదినా."

"ఇప్పుడు." టీ గ్లాసు నా ముందుకి జరిపింది. "ఆయన పోయిన కొత్తల్లో కాదు. రెండు నెలలు నువ్వు గ్లాసు కూడా ఎడమచేత్తోనే పట్టుకున్నావు. మధ్యాహ్నం పూట కింద నుంచి మీ అన్నయ్య దగ్గు వినిపించేది. మొదటిసారి చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చాను. చూస్తే నువ్వే. ఆ కుర్చీలో, కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుని, కూనిరాగం తీస్తూ."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఎందుకు చెబుతాను?" అంది, కోపంగా. "పైన పడుకుని వింటుంటే నాకు బాగుండేది. ఓ రోజు నువ్వే మానేశావు." నేను టీ తాగుతానో లేదో చూస్తున్నట్టు వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

ఆ రెండు నెలలు నా దగ్గర లేవు. వెతుకుతున్నాను గానీ దొరకడం లేదు. కుర్చీ చేతి మీద అరిగిపోయిన రంగు గుర్తుంది, షట్టరు మీద వాన చప్పుడు గుర్తుంది, టంకం పొగ కళ్లలోకి పోతే ఇదే మంచిది, ఎవరూ ఏమీ అడగరు అనుకోవడం గుర్తుంది. ఎవరొచ్చారో, ఏం తెచ్చారో, ఏం తీసుకెళ్లారో ఒక్క మొహం కూడా గుర్తు లేదు. కొట్టు తెరిచానని అందరూ మెచ్చుకున్నారు, ధైర్యం గల మనిషి అన్నారు, ఆ ధైర్యం ఎవరిదో మరి. నా ఎడమ చెయ్యి బల్ల మీద పడి ఉంది. నాదే, మణికట్టు దగ్గర చిన్నప్పటి కాలిన మచ్చ ఉంది, కానీ నాకు తెలియనిది ఏదో దానికి తెలుసు, నేను పక్కకి తప్పుకుంటే అది ఇప్పటికీ టంకం పుల్ల అందుకునేలా ఉంది. పంతొమ్మిదేళ్లు ఎదురుగా కూర్చుని చూసి అది అంతా నేర్చుకుంది, మెలిక, ముడి, వాలు, అన్నీ. గడియారం విప్పడం ఒక్కటే నేర్చుకోలేదు, విప్పడానికి నాకు గడియారమే లేదు. అన్నయ్య రాలేదు. ఇరవై నిమిషాల కిందట దొరికినవాడు మళ్లీ పోయాడు, ఈసారి పోగొట్టుకున్నది నేను.

దీన్ని బాగు చెయ్యడం తేలికే. రెండు కెపాసిటర్లు మార్చి, తీగ లాగేసి, ఒక ఫ్యూజు వేస్తే అయిపోతుంది, మాస్టారు సంతోషంగా పట్టుకుపోతాడు. పారేయడం ఇంకా తేలిక, మూలన డ్రమ్ములో వేస్తే పాతసామానువాడు ఎత్తుకుపోతాడు. రెంటిలో ఏది చేసినా తీగ సంగతి ఈ గది దాటదు. దాటినా, పెద్దాయన చేసిన పని అంటే సరిపోతుంది, పోయినవాళ్లని ఎవరూ నిలదీయరు, పాపం వయసు మీద పడిందేమో అనుకుంటారు. అలా అంటే అన్నయ్య ఆ రెండు నెలలూ ఉన్నట్టే అవుతుంది కూడా, తప్పు చేసైనా సరే, ఉన్నట్టు. నిజంగానే బోర్డు తీసుకుని డ్రమ్ము దాకా వెళ్లాను. అక్కడ నిలబడ్డాక అసలు భయం వేసింది. ఇది ఒక్కటేనా. రెండు నెలల్లో ఎన్ని పెట్టెలు నా చేతి మీదుగా పోయాయి, వాటిలో ఎన్నింటికి కింద తీగ ఉండిపోయింది, అవి ఇప్పుడు ఎవరి బల్లల కింద, ఎవరి మంచాల పక్కన పాడుకుంటున్నాయి. మర్చిపోయిన మనిషి ఎన్నిసార్లు మర్చిపోయిందో ఎవర్ని అడిగి తెలుసుకుంటుంది. బోర్డు వెనక్కి తెచ్చి, తీగ పైకి కనిపించేలా బల్ల మధ్యలో పెట్టాను. టీ చల్లారిపోయింది.

సరిగ్గా నాలుగింటికి మాస్టారు లోపలికి వచ్చాడు. "ఏమంటోందక్కా? ఉంటుందా, పోతుందా?"

"దీన్ని మా దగ్గరికి మూడేళ్ల కిందట తెచ్చింది మీరేనా మాస్టారూ?"

"కాదక్కా, నేను ఈమధ్యే కొన్నాను. పక్కింటి పిన్నిగారి దగ్గర. ఆవిడ టైపు పని చేస్తారు. రెండు కంప్యూటర్లుండేవి, రెండూ ఒకేసారి ఇక్కడే బాగు చేయించారట. ఒకటి నాకిచ్చారు."

"రెండోది?"

"ఆవిడే వాడుకుంటున్నారు. పొద్దున వేస్తే చీకటి పడేదాకా ఆపరు."

తీగ చూపించాను. అదేమిటో, దాని వల్ల ఏం జరగొచ్చో రెండు ముక్కల్లో చెప్పాను. అతను బోర్డు మీదికి వంగాడు. చూపు తీగ మీంచి గోడకున్న అన్నయ్య ఫొటో మీదికి వెళ్లింది. "పెద్దాయన చేశారా ఇది?" అన్నాడు. నేను తల ఊపితే చాలు. "ముందు ఆవిడకి ఫోన్ కలపండి," అన్నాను.

ఫోన్‌లో కీబోర్డు టకటకలాడుతోంది. దాని వెనక సన్నగా ఆ కూనిరాగం, ఏ తేడా లేకుండా అదే.

"అమ్మా, కంప్యూటర్లు బాగు చేసే కొట్టు నుంచి మాట్లాడుతున్నాను. మీ కంప్యూటరుకి గోడ దగ్గరున్న స్విచ్ వెంటనే తీసెయ్యండి."

"ఇప్పుడా? పేజీ మధ్యలో ఉన్నానమ్మా. దేనికి?"

"లోపల ఫ్యూజు లేదు. అంటుకుంటే ఆగదు."

"అదేం మాటమ్మా, పెద్దాయన స్వయంగా చేసిచ్చింది కదా ఇది. ఆయన చేతిలో పొరపాటు జరగదు. ఫోను ఆయనకివ్వండి, ఆయన చెబితే తీస్తాను."

గొంతు దాకా వచ్చింది. నిజంగానే వచ్చింది, ముందు ఒక చిన్న దగ్గు, దాని వెనక ఆ బరువైన గొంతు, తీసెయ్యండమ్మా అనడానికి నా నోట్లో సిద్ధంగా ఉంది. ఆ ఒక్క మాటతో ఆవిడ స్విచ్ తీసేస్తుంది, ఆవిడ దృష్టిలో అన్నయ్య ఇక్కడే కూర్చుని ఉంటాడు. మెట్ల మీద వదిన లేచి నిలబడింది.

"ఆయన లేరమ్మా," అన్నాను. "మీ పెట్టెలు మా దగ్గరికి వచ్చేనాటికే పోయారు. చేసింది నేను. తప్పు నాది."

కీబోర్డు ఆగింది. కూనిరాగం ఆగలేదు.

"మరి పని అయిపోయింది వచ్చి తీసుకెళ్లండని ఆ రోజు నాకు ఫోన్ చేసిందెవరు? మగ గొంతు. ఆయన గొంతు నాకు తెలీదా?"

వదిన నా వైపే చూస్తోంది, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

"నేనే," అన్నాను. "ఆ గొంతూ నేనే. తియ్యండమ్మా."

ఫోన్‌లో టక్కుమని స్విచ్ చప్పుడైంది, ఆ వెంటనే కూనిరాగం ఆగిపోయింది. వదిన వచ్చి నేను తాగని టీ గ్లాసు తీసుకుని పైకి వెళ్లిపోయింది.